చీటీలో అన్నానికీ మోతాదు రాయించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రివర్యులకు,



మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ప్రభుత్వాలు వేరైనా శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా మధ్యాహ్నం పూట కంచంలో కనిపించేది ఒక్కటే. ఆ కంచం గురించే నా మనవి.

నేను పోషకాహార సలహా చెప్పే పనిలో ఉన్నాను. షుగరు, బీపీ రోగుల వరుసలో చిట్టచివరి బల్ల నాది. డాక్టరుగారు చూసి, మందులు చేతికొచ్చి, ఇంకా కాస్త ఓపిక మిగిలినవాళ్లు నా దగ్గరికి వస్తారు. వాళ్ల చీటీ తీసుకుని చదువుతాను. మెట్‌ఫార్మిన్ 500, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక. గ్లిమెపిరైడ్ 1, పొద్దున తినే ముందు. అటోర్వాస్టాటిన్ 10, రాత్రి పడుకోబోయే ముందు. ప్రతి మందుకూ పేరుంది, కొలత ఉంది, పూట ఉంది. చీటీ అడుగున మాత్రం ‘డైట్ కంట్రోల్’ అని రెండు ముక్కలు ఉంటాయి. ఏది తగ్గించాలి, ఎంత తగ్గించాలి, దాని బదులు ఏం తినాలి అన్నది అందులో ఉండదు. రోజూ నోట్లోకి వెళ్లేవాటిలో అన్నిటికంటే బరువైనది అన్నం. రక్తంలో చక్కెరను అన్నిటికంటే ఎక్కువగా ఎత్తేదీ అదే. మోతాదు రాయనిది ఆ ఒక్కదానికే.

నేను అడిగేది ఇదే. మందుకు రాసినట్టే అన్నానికీ మోతాదు రాయించండి. చిన్న కోరికలా కనిపిస్తుంది గానీ దీని వెనక చాలా ఉంది. ఓపిగ్గా చదవమని వేడుకుంటున్నాను.

ముందుగా, వచ్చినవాళ్లు ఏం చెబుతారో వినండి. “ఏం తగ్గించారమ్మా?” అని అడుగుతాను. “పంచదార మానేశానండీ, బెల్లం టీ తాగుతున్నా” అంటుంది ఒకావిడ. “దుంపకూరలు ముట్టడం లేదు” అంటారు ఇంకొకరు. “రాత్రి అన్నం మానేశా, చపాతీలే” అంటాడు ఒక పెద్దాయన. ఎన్ని అంటే నాలుగు. శనివారం ఒక్కపొద్దు ఉండే అమ్మ, అన్నం బదులు బొంబాయి రవ్వ ఉప్మా తింటానని తృప్తిగా చెబుతుంది. కొలెస్ట్రాల్ ఉందని చెప్పించుకున్నవాళ్లయితే గుడ్డులో పచ్చసొన తీసేస్తున్నామనీ, నెయ్యి వాసన కూడా చూడటం లేదనీ అంటారు. వీళ్లలో ఒక్కరు కూడా నిర్లక్ష్యంగా ఉన్నవాళ్లు కాదు. నాలుక కట్టుకుని, పండగ పూట బూరెలు పక్కన పెట్టి, చెప్పింది చెప్పినట్టు చేస్తున్నవాళ్లు. అలాంటివాళ్లను “మధ్యాహ్నం అన్నం ఎంత పెట్టుకుంటారు?” అని అడిగితే మాత్రం ఈ ప్రశ్న ఎందుకొచ్చిందా అన్నట్టు చూస్తారు. “మామూలేనండీ, కడుపుకు సరిపడా.”

ఆ ‘మామూలు’ ఎంతో లెక్క కట్టి చూద్దాం. కరెంటు కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలా ఇళ్లలో ఉంటుంది. దాని కొలత 180 మిల్లీలీటర్లు, నిండా పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం. వంద గ్రాముల తెల్ల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండి పదార్థమే. అంటే ఒక కప్పు బియ్యం వండుకుని తింటే సుమారు 117 గ్రాముల పిండి పదార్థం లోపలికి వెళ్లినట్టు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో పీచు పెద్దగా మిగలదు కాబట్టి అది త్వరగా గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. కాయకష్టం చేసే ఇళ్లలో పూటకు మనిషికో కప్పు లెక్కన బియ్యం పొయ్యడం వింతేమీ కాదు. పొద్దున ఇడ్లీ, రాత్రి మళ్లీ అన్నం ఈ లెక్కలో ఇంకా కలపనే లేదు. టీలో రెండు చెంచాల పంచదార మానినందుకు తగ్గింది ఎనిమిది పది గ్రాములు. పెద్దాయన తినే నాలుగు చపాతీల్లో, ఒక్కోదానికి 25 నుంచి 30 గ్రాముల పిండి వేసుకున్నా, 70 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది. అరకప్పుకు కాస్త ఎక్కువ బియ్యం వండుకుని తిన్నా లోపలికి వెళ్లేది దాదాపు అంతే.

ఇది నా ఒక్కదాని ఊహ కాదు. 21 దేశాల్లో సాగిన ప్యూర్ అధ్యయనం 2020లో ఒక సంగతి బయటపెట్టింది. రోజుకు 150 గ్రాములకు లోపు తెల్లన్నం తినేవాళ్లతో పోలిస్తే 450 గ్రాములు, అంతకు మించి తినేవాళ్లకు షుగరు వచ్చే ముప్పు మొత్తం మీద 20 శాతం ఎక్కువగా ఉంటే, మన దక్షిణాసియాలో 61 శాతం ఎక్కువగా ఉంది. ఆ 450 గ్రాములు ఉడికిన అన్నం బరువు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. వండితే అర కిలోకు పైగా అన్నం అవుతుంది. ఆ పథకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో రెండో పూట పొయ్యి వెలిగిందో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆకలి తీర్చిన చేతిని ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ అదే ఇంట్లో ఇప్పుడు ఒకరికి షుగరు ఉంది, ఇంకొకరికి వచ్చే దారిలో ఉంది. ఒక శాఖ బియ్యం ఇస్తోంది, మీ శాఖ మాత్రలు ఇస్తోంది. ఈ రెంటికీ మధ్య ఆ మనిషి ఎంత తినాలో చెప్పేవాళ్లు లేరు.

కొలెస్ట్రాల్ సంగతి దీనికంటే ఎక్కువ అపార్థానికి గురైంది. దాని దగ్గర కాస్త ఆగుతాను.

లిపిడ్ ప్రొఫైల్ అనే పరీక్షలో నాలుగైదు అంకెలు వస్తాయి. జనం చూసేది మొదటిదే, మొత్తం కొలెస్ట్రాల్. అది 200 దాటితే నూనె, నెయ్యి, గుడ్డు మీద నింద పడుతుంది. దాటకపోతే ఊపిరి పీల్చుకుంటారు. మన దేశంలో షుగరు మీద సాగుతున్న ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపిన తొలిదశ పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. వాటిలో మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లు నూటికి 14 మంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు 29 మందికి పైనే. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవాళ్లు 72 మంది. అంటే మనవాళ్ల రక్తంలో కొవ్వుల తేడా ఎక్కువగా కనిపించేది జనం చూడని గళ్లలోనే. ట్రైగ్లిజరైడ్లు 150 దాటడం, హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40కీ ఆడవాళ్లలో 50కీ దిగువన ఉండడం. షుగరు ఉన్నవాళ్లలో ఈ రెండూ జంటగా వస్తాయి.

ఈ ట్రైగ్లిజరైడ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే నూనె నుంచి అనుకుంటారు. అది సగం నిజం. తిన్న పిండి పదార్థంలో ఒంటికి ఆ పూటకు కావలసింది పోగా, కండరాలు, కాలేయం దాచుకోగలిగినంత దాచుకోగా, మిగిలినదాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వును చిన్నచిన్న మూటలుగా కట్టి రక్తంలోకి పంపుతుంది. పరీక్షలో ట్రైగ్లిజరైడ్లుగా కనబడేది చాలావరకు అదే. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో ఈ తయారీకి అడ్డూ ఆపూ ఉండదు. ఆ మూటలు రక్తంలో ఎక్కువైనకొద్దీ హెచ్‌డీఎల్ తరిగిపోతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కణాలు మరింత చిన్నవై, చిక్కనై రక్తనాళాల గోడల్లోకి సులువుగా దూరతాయి. పంపగా మిగిలిన కొవ్వు కాలేయంలోనే పేరుకుంటుంది. స్కానింగులో ఫ్యాటీ లివర్ అని రాస్తున్నది దాన్నే. నెయ్యి మానేసి మూడు కప్పుల బియ్యం తినే మనిషికి ట్రైగ్లిజరైడ్లు 300 ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. సారా, కల్లు, బ్రాందీ ఏదైనా సరే, మందు అలవాటు కూడా ఈ అంకెను ఎగదోస్తుంది. ఆ మాట మగవాళ్లకు చీటీలో రాయాల్సిందే.

మంచి వార్త ఏమిటంటే అన్ని అంకెల్లోకీ త్వరగా మాట వినేది ట్రైగ్లిజరైడే. అన్నం, టిఫిన్లు, తీపి పానీయాలు తగ్గించిన కొన్ని వారాలకే దిగడం మొదలుపెడుతుంది. హెచ్‌డీఎల్ నింపాదిగా కదులుతుంది. ఎల్‌డీఎల్ కథ మాత్రం వేరు. అది అన్నం తగ్గించినంత మాత్రాన తగ్గుతుందని చెప్పలేం. పుట్టుకతో వచ్చే తత్వం, నెయ్యి, డాల్డా, పామాయిల్ లాంటి గట్టి కొవ్వులు దాన్ని నడిపిస్తాయి. కాబట్టి అన్నం తగ్గించి ఆ చోటును నెయ్యితోనో కొబ్బరి నూనెతోనో నింపితే షుగరు, ట్రైగ్లిజరైడ్లు బాగుపడ్డా ఎల్‌డీఎల్ కొందరిలో బాగా పెరుగుతుంది. డాక్టరు రాసిన స్టాటిన్ మాత్రను సొంతంగా మానేయకూడదనేది అందుకే. ఈ తేడా రోగికి చెప్పేవాళ్లు లేక, ఒకడు గుడ్డు మాని అన్నం తింటున్నాడు, ఇంకొకడు అన్నం మాని గిన్నెడు నెయ్యి తాగుతున్నాడు. ఇద్దరూ ఆరోగ్యం కోసమే చేస్తున్నారు.

మంత్రివర్యులారా, పాలిష్ బియ్యం గురించి తెలుగు నేలకు హెచ్చరిక రావడం ఇది మొదటిసారి కాదు. వందేళ్ల కిందట ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, బెరిబెరి విపరీతంగా ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతిని మనుషులు పోయేవాళ్లు. పక్కనే ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో అది అంతగా లేదు. మర పట్టిన పచ్చి బియ్యంలో తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడమే దానికి కారణం. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలోని ఆ సంస్థ పుట్టుకలోనే మన బియ్యం ఉంది. అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని రాసింది. మన తెలుగు నేల మీదే ఉన్న సంస్థ చెప్పిన మాట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చీటీ దాకా చేరలేదు.

మెట్ట ప్రాంతాల తిండి వేరుగా ఉండేది. తెలంగాణలో జొన్న రొట్టె, గటక. రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం. ఉత్తరాంధ్రలో చోడి అంబలి. వరన్నం పండక్కో పెళ్లికో. కాలువలు, బోర్లు, రేషన్ బియ్యం, సాంబ మసూరి వంటి సన్న రకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ తిండిని పక్కకు తోశాయి. అన్నం తినడం హోదా అయింది. అంతకు ముందు తరాలు ఒళ్లు వంచి పని చేశాయి కాబట్టి తిన్న పిండి కరిగిపోయేది. ఇప్పుడు దుక్కి ట్రాక్టరు దున్నుతోంది, కోత యంత్రం కోస్తోంది, బడికీ బజారుకీ బండి మీదే వెళుతున్నాం. కంచంలో కుప్ప మాత్రం తగ్గలేదు.

ఇక్కడ ఒక అపోహ గురించి గట్టిగా చెప్పాలి. ఈ పదేళ్లలో చిరుధాన్యాల మీద నమ్మకం విపరీతంగా పెరిగింది. మంచిదే. పీచు ఎక్కువ, ఖనిజాలు ఎక్కువ, వాన మీదే పండుతాయి. అయితే వంద గ్రాముల రాగుల్లో 67 గ్రాముల దాకా, జొన్నల్లో 68 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది. బియ్యం కంటే తక్కువే గానీ లేకుండా పోలేదు. 2025లో ఐసీఎంఆర్-ఇండియాబ్ బృందం నేచర్ మెడిసిన్ పత్రికలో మన దేశపు తిండి లెక్కలు ప్రచురించింది. సగటు భారతీయుడికి 62 శాతం శక్తి పిండి పదార్థాల నుంచే వస్తోంది, మాంసకృత్తుల నుంచి 12 శాతమే. తెల్ల బియ్యాన్ని మాని అంతే మోతాదులో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తింటే షుగరు ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. ఆ పిండి పదార్థంలో కొంత భాగం తీసేసి పప్పులు, పాలు, పెరుగు లాంటివాటి నుంచి వచ్చే మాంసకృత్తులను పెట్టినప్పుడే తగ్గుతుందని తేలింది. పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగి జావ తాగి, తిన్న తర్వాత షుగరు 250 ఎందుకొచ్చిందని బిక్కమొహం వేసుకుని వచ్చేవాళ్లను చూస్తుంటాను. మెత్తటి పిండిని పలచగా కాచి తాగితే అది జీర్ణం కావడానికి ఎంతో సేపు పట్టదు. అదే రాగి, సంకటి ముద్దగా చేసి, నిమ్మకాయంత కాకపోయినా నారింజ పండంత తీసుకుని, గిన్నెడు ఆకుకూర పప్పుతో తింటే వేరే ఫలితం వస్తుంది.

షుగరు బియ్యం పేరుతో అమ్ముతున్నవాటికీ ఇదే మాట. రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనాకు గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత త్వరగా ఎత్తుతుందో చెప్పే అంకె, 50కి కాస్త అటూ ఇటూగా, మామూలు సన్నబియ్యం కంటే తక్కువగా ఉంటుంది. మన శాస్త్రవేత్తలు సాధించిన మంచి పని అది. కానీ సూచిక తక్కువన్న ధైర్యంతో రెండింతలు తింటే లాభం ఏమీ మిగలదు. సంచి మీద సూచిక గురించి రాస్తున్నారు, ఎంత వండుకోవాలో రాయడం లేదు.

మరి ఎంత తగ్గించాలి? ఇది వినగానే చాలామందికి భయం. అన్నం పూర్తిగా మానమంటారని. అక్కర్లేదు. 2022లో ఐసీఎంఆర్-ఇండియాబ్ బృందమే 18,000 మందికి పైగా పెద్దల ఆహారాన్ని పరిశీలించి ఒక లెక్క కట్టింది. కొత్తగా షుగరు వచ్చినవాళ్లు అది వెనక్కి తగ్గాలంటే పిండి పదార్థాల నుంచి వచ్చే శక్తిని 49 నుంచి 54 శాతానికి దించి, మాంసకృత్తులను 20 శాతం దాకా పెంచాలి. రోజుకు 1,800 కేలరీలు తినే మనిషిని తీసుకోండి. 62 శాతం అంటే సుమారు 280 గ్రాముల పిండి పదార్థం. 50 శాతం అంటే 225 గ్రాములు. తేడా 55 గ్రాములు. బియ్యంలోకి మారిస్తే 70 గ్రాములు, అంటే ఆ కుక్కర్ కప్పుతో అరకప్పు కంటే కాస్త తక్కువ. రోజు మొత్తం మీద అరకప్పు బియ్యం! అన్నం ప్రాణంగా బతికే మనిషి కూడా ఇంతవరకు చేయగలడు. ఇంకా తగ్గించగలిగినవాళ్లకు ఇంకా మేలు జరగవచ్చు. అది డాక్టరు కళ్లెదుట జరగాలి.

ఆ అరకప్పు చోట ఏం పెట్టాలన్నదే నిజమైన చిక్కు. నా దగ్గరికి వచ్చే కలుపు కూలీ అక్కకు బాదం పప్పులు, ఆలివ్ నూనె అని చెప్పి పంపితే అది సలహా కాదు, అవమానం. ఆమె కంచంలో కొండంత అన్నం ఎందుకుందంటే కూర కొంచెమే ఉంది కాబట్టి. కారం, చారు, పచ్చడి అన్నీ అన్నాన్ని లోపలికి పంపడానికే. ఆమె ఎండలో రోజంతా వంగి పనిచేస్తుంది, కాబట్టి ఊళ్లో కొట్టు మీద కూర్చునే సేటుకు రాసిన కొలత ఆమెకు సరిపోదు. ఆమెకు చెప్పగలిగేవి ఇవి: కందిపప్పు, పెసలు, ఉలవలు, అలసందలు, గుప్పెడు వేయించిన పల్లీలు, రోజుకో గుడ్డు, చెరువు చేప దొరికిన రోజు చేప, ఎండు చేపలు, చిక్కటి పెరుగు. గట్టున మొలిచే గోంగూర, తోటకూర, పొన్నగంటి కూర. పెరట్లో బీర, దొండ, చిక్కుడు, పొట్ల. కూర ముందు సగం తినేసి తర్వాత అన్నం కలుపుకోమంటాను. కూరగాయలు, పప్పు ముందు కడుపులో పడితే వెనక వచ్చే అన్నం వల్ల చక్కెర అంత పైకి ఎగబాకదని పరీక్షల్లో తేలింది. పైసా ఖర్చు లేని మందు ఇది. ఇన్ని చెప్పాక ఆమె అడిగే ప్రశ్న ఒకటే: “బియ్యం ఊరకే వస్తున్నాయమ్మా, పప్పు ఎవరిస్తారు?” దీనికి నా బల్ల దగ్గర జవాబు లేదు. మీ మంత్రివర్గ సమావేశంలో ఉంది. షుగరు రోగి ఉన్న కుటుంబం కోరుకుంటే కొంత బియ్యం బదులు పప్పు, పల్లీలు, గుడ్లు తీసుకునే వీలు కల్పించమని పౌర సరఫరాల శాఖను అడగగలిగినవాళ్లు మీరే. బియ్యం వచ్చినంత నిక్కచ్చిగా ప్రతి నెలా పప్పు రావాలి.

ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో డేవిడ్ అన్విన్ అనే ప్రాథమిక వైద్యుడు ఉన్నారు. మన పీహెచ్‌సీ డాక్టర్ల వంటివారే. ఒక చిన్న గిన్నెడు అన్నం, 150 గ్రాములు, రక్తంలో చక్కెరను సుమారు పది చెంచాల పంచదార ఎత్తినంత ఎత్తుతుందని బొమ్మలు వేయించి రోగులకు చూపిస్తారు. తిండిలో పిండి పదార్థాలు తగ్గించుకుంటామని ఒప్పుకున్న ఆయన రోగుల్లో దాదాపు సగం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ల లెక్క కాబట్టి అందరికీ అలాగే జరుగుతుందని చెప్పను. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పది నిమిషాల మాట, ఒక బొమ్మ కాగితం ఎంత చేయగలవో చెప్పడానికి మాత్రం అది చాలు. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ కూడా 2019 నివేదికలో, చక్కెర అదుపుకు అన్నిటికంటే ఎక్కువ ఆధారాలున్న ఆహార మార్పు పిండి పదార్థాల మొత్తాన్ని తగ్గించడమేనని ఒప్పుకుంది.

ఇప్పుడు ప్రమాదం గురించి చెప్పాలి, ఎందుకంటే దీన్ని వదిలేసి మీరు గోడల మీద ‘అన్నం తగ్గించండి’ అని రాయిస్తే మనుషులు పడిపోతారు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ సూది, తిన్న అన్నానికి సరిపడా రాసినవి. అన్నం సగం చేసి మాత్ర అలాగే వేసుకుంటే చక్కెర 70 దిగువకు జారిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు అది ప్రాణం మీదకు వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్రలు వాడుతూ పిండి పదార్థాలు బొత్తిగా మానేస్తే రక్తం ఆమ్లంగా మారే ముప్పు ఉంది, అప్పుడు షుగరు అంకె పెద్దగా పెరగకపోవచ్చు కూడా. గర్భిణులకు, చిన్నప్పుడే షుగరు వచ్చి ఇన్సులిన్ మీద బతుకుతున్న పిల్లలకు ఈ సలహాను ఎవరికి వారు పాటించకూడదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లకు మాంసకృత్తులు పెంచమని చెప్పడం హాని. వాళ్ల కొలత వాళ్ల డాక్టరే చెప్పాలి. కొన్నేళ్ల కిందట నూనెలు తాగించి, ధాన్యం పూర్తిగా మాన్పించిన పద్ధతులు మన ఊళ్లలో ఊపందుకున్నప్పుడు లాభపడ్డవాళ్లూ ఉన్నారు, ఎవరూ చూడకుండా మాత్రలు ఆపి ఆసుపత్రి పాలైనవాళ్లూ ఉన్నారు. తిండి సలహా చెప్పాల్సిన చోటును సర్కారు దవాఖానా ఖాళీగా వదిలేసినందుకే జనం సభలకు, వీడియోలకు పోయారు.

అందుకే నేను మీ ప్రచార విభాగాన్ని కాక మీ వైద్యాధికారులను నమ్ముకుంటున్నాను. అన్నం తగ్గించేటప్పుడు ఏ మాత్ర ఎంత తగ్గించాలో పీహెచ్‌సీ డాక్టర్లకు శిక్షణ ఇప్పించండి. మందు తగ్గించడం కూడా వైద్యమేనని వాళ్లకు మీరే ధైర్యం చెప్పాలి. మాత్రలు ఎన్ని పంచామన్న లెక్కతోనే పనితీరు కొలిస్తే ఆ ధైర్యం రాదు. మొత్తం కొలెస్ట్రాల్ ఒక్కటే చూసి వదిలేయకుండా, షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒకసారైనా ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ విడివిడిగా చూపే పరీక్ష, మూడు నెలల సగటు షుగరు పరీక్ష చేయించండి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవాళ్లకు క్లోమం వాచే ముప్పు ఉంది, వాళ్లను వచ్చే నెల రమ్మని పంపకూడదు. ఉపకేంద్రాల్లో గ్లూకోమీటర్ స్ట్రిప్పులు సరిపడా ఉంచండి. రోగి తన మామూలు భోజనానికి ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి తన అంకెను తాను చూసుకుంటే నేను గంట సేపు చెప్పేది అక్కడ తేలిపోతుంది. మర్నాడు అరకప్పు తక్కువ వండుకుని మళ్లీ చూసుకుంటే తేడా కళ్లకు కడుతుంది. మనిషి నమ్మేది అలాంటిదాన్నే.

ఐసీఎంఆర్-ఇండియాబ్ 2023 లెక్కల ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది; ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పెద్దవాళ్లలో ఐదుగురిలో నలుగురికి రక్తంలో కొవ్వుల లెక్క ఏదో ఒక విధంగా తప్పింది. ఇంతమందికి పోషకాహార నిపుణులను నియమించడం రేపటికి అయ్యే పని కాదని నాకు తెలుసు. కానీ ఇంటింటికీ వెళ్లే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇప్పటికే ఉన్నారు. నెల మందులు చేతికిచ్చేటప్పుడు వాళ్లు రోగి కార్డులో బీపీ అంకె రాస్తున్నారు, షుగరు అంకె రాస్తున్నారు. ఆ కార్డులోనే ఇంకొక గడి గీయించండి. “మీ ఇంట్లో మధ్యాహ్నం ఎన్ని కప్పుల బియ్యం వండుతారు, ఎంతమంది తింటారు?” అన్న ఒక్క ప్రశ్న అడిగి, మనిషికి ఎంత పడుతుందో ఆ గడిలో రాయమనండి. పక్కనే డాక్టరు తన చేత్తో రాసిన కొలత ఉండాలి: మధ్యాహ్నం అరకప్పు, రాత్రి పావు కప్పు, గుడ్డు ఒకటి, పప్పు గరిటెడు. మనిషి మనిషికీ, పని పనికీ ఆ కొలత మారుతుంది. మూడు నెలల తర్వాత ట్రైగ్లిజరైడ్లు, సగటు షుగరు ఎంతకు వచ్చాయో దాని కిందే రాయాలి.

రెండు రాష్ట్రాల్లో చెరొక మండలాన్ని ఎంచుకుని ఒక ఏడాది ఇది చేసి చూడండి. జాతీయ పోషకాహార సంస్థను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక మండలం మెట్టలోది కావాలి, ఒకటి డెల్టాలోది కావాలి. తిండి, కూలి రెండూ వేరుగా ఉంటాయి కాబట్టి. కార్డు నమూనా నేను తయారుచేసి పెట్టాను. మీ కార్యాలయం ఎప్పుడు అడిగితే అప్పుడు తీసుకుని వస్తాను.

ఇట్లు,
షుగరు వార్డు చివరి బల్ల దగ్గర కూర్చునే
ఒక పోషకాహార సలహాదారు